బాలు గారబ్బాయి చరణ్ అసలు ఏమేం చేశాడు? (పాట ఒక్కటే కాదు)

విభాగం: సినిమా, సంగీతం

బెంజ్‌సర్కిల్ బాటసారి | విజయవాడ

అందరికీ నమస్కారం. టీవీలో ‘పాడుతా తీయగా’ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఒకటే గోల. మా బాబాయి గాయకుడు ఎస్పీ బాలు గారికి వీరాభిమాని. బాలు గారి తర్వాత ఆ కార్యక్రమం నడిపిస్తున్న చరణ్ కనబడగానే మొదలుపెడతాడు. “తండ్రి పాటనే నమ్ముకుని అంత ఎత్తుకు ఎదిగాడు. ఈ అబ్బాయి దేని మీదా నిలబడలేదు. కొన్నాళ్ళు పాడాడు, కొన్నాళ్ళు నటించాడు, కొన్నాళ్ళు సినిమాలు తీశాడు, ఇప్పుడు టీవీకి వచ్చాడు” అంటాడు.

నాకు ఆ మాట సరైంది కాదనిపిస్తుంది గానీ వాదించడానికి నా దగ్గర సరుకు లేదు. ఆయన పాటలు ఓ నాలుగైదు తెలుసు. నిర్మాతగా తమిళంలో ఏవో తీశాడని విన్నాను. అవేంటి, బావుంటాయా, తెలుగులో దొరుకుతాయా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. మా బాబాయికి చదివి వినిపిస్తాను.

పాతపాటల పిచ్చి | గుంటూరు

మీ బాబాయి గారికే నా ఓటు. తండ్రి గొంతు వారసత్వంగా వచ్చినవాడు ఆ గొంతునే సాధన చెయ్యాలి. ఘంటసాల తర్వాత బాలు ఎలా నిలబడ్డాడు? పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా రికార్డింగులే. ఆ శ్రద్ధలో సగం పెట్టినా చరణ్ ఈరోజు ఇంకోలా ఉండేవాడు. నాలుగు పడవల మీద కాళ్ళు పెడితే ఏదీ ఒడ్డుకు చేరదు.

మైక్‌టెస్టింగ్ | కృష్ణలంక

చేరకపోతే మునిగిపోవాలి కదండీ. ఆయన మునగలేదే!

కెమెరా కన్ను | ఊరు గుణదల, ఉండేది చెన్నై

బాటసారి గారూ, మంచి ప్రశ్న వేశారు. తెలుగువాళ్ళకు చరణ్ గాయకుడిగానే తెలుసు. ఇక్కడ చెన్నైలో సినిమా పిచ్చి ఉన్న కుర్రాళ్ళను అడగండి, ముందు నిర్మాత అనే అంటారు.

ఆయన బ్యానరు పేరు క్యాపిటల్ ఫిల్మ్ వర్క్స్. 2003లో ‘ఉన్నై చరణడైందేన్’ తీశారు. అందులో వెంకట్ ప్రభుతో పాటు తనూ నటించారు. దర్శకుడు ఎవరో తెలుసా? సముద్రఖని. అదే ఆయన మొదటి సినిమా. మనవాళ్ళు ‘అల వైకుంఠపురములో’, ‘క్రాక్’ చూసి భలే విలన్ దొరికాడు అన్నారు గానీ, ఆయన్ని దర్శకుడి కుర్చీలో మొదట కూర్చోబెట్టిన సినిమా ఇది.

2005లో ‘మళై’. ఇది మన ‘వర్షం’కి తమిళ రీమేక్, జయం రవి, శ్రియ. దీని గురించి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అసలు కథ 2007లో ఉంది. ‘చెన్నై 600028’. మందవెలి వైపు ఓ పేట, అక్కడ గల్లీ క్రికెట్ ఆడే కుర్రాళ్ళు, ఇంకో పేట జట్టుతో పంతం. అంతే కథ. పెద్ద హీరో లేడు, ఫైట్లు లేవు, దాదాపు అందరూ కొత్తవాళ్ళే. వెంకట్ ప్రభుకి దర్శకుడిగా మొదటి సినిమా. పెద్ద హిట్టయింది. దాని తర్వాత తమిళంలో “నలుగురు ఫ్రెండ్స్, ఓ వీధి, బోలెడు వెటకారం” అనే సినిమాలు వరస కట్టాయి.

ఇప్పుడు ఈ సినిమాకి పనిచేసినవాళ్ళ పేర్లు ఒకసారి చూడండి. నిర్మాత చరణ్, బాలు గారబ్బాయి. దర్శకుడు వెంకట్ ప్రభు, ఇళయరాజా తమ్ముడు గంగై అమరన్ కొడుకు. సంగీతం యువన్, ఇళయరాజా కొడుకు. నటుల్లో ప్రేమ్‌జీ, వెంకట్ ప్రభుకి సొంత తమ్ముడు. అంటే తండ్రులందరూ ఒకే రికార్డింగ్ థియేటర్లో ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళు. పిల్లలు అందరూ కలిసి పాటల సినిమా కాదు, క్రికెట్ సినిమా తీశారు. నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి.

మైక్‌టెస్టింగ్ | కృష్ణలంక

కృష్ణ ఒడ్డున సీతమ్మవారి పాదాల రేవు దగ్గర ఇసకలో ఆడుకున్న మా జట్టు గురించి ఎవరూ తియ్యలేదు. ఆ నిర్మాత బెజవాడలో పుట్టాల్సింది.

కెమెరా కన్ను | ఊరు గుణదల, ఉండేది చెన్నై

మిగతావి కూడా చెప్పేస్తాను. 2008లో ‘సరోజ’. ఇందులో ఆయన నటుడు మాత్రమే. మ్యాచ్ చూడ్డానికి వ్యానులో హైదరాబాద్ బయల్దేరిన నలుగురు స్నేహితుల్లో ఒకడు. ఆయనకి తమ్ముడుగా వేసిన వైభవ్ మన దర్శకుడు కోదండరామిరెడ్డి గారబ్బాయి. ఇద్దరిదీ తెలుగు అన్నదమ్ముల వేషమే. చరణ్ కామెడీ టైమింగ్ చూడాలంటే ఇదే చూడాలి. లావుగా, నెమ్మదిగా, అందరికీ సర్ది చెబుతూ ఉండే పెద్దన్న. ఎక్కడా “నేను ఫలానావారి అబ్బాయిని” అన్న బిగువు కనబడదు.

2009లో ‘కుంకుమపూవుం కొంజుం పురావుం’, 2010లో ‘నాణయం’. ‘నాణయం’ బ్యాంకు దోపిడీ కథ, ప్రసన్న హీరో. దర్శకుడు శక్తి సౌందర్ రాజన్‌కి అది తొలి సినిమా. బాలు గారు, చిత్ర గారు అందులో ఓ చక్కటి పాట పాడారు. అంటే నాన్న కొడుకు సినిమాకి వచ్చి పాడి వెళ్ళారన్నమాట.

వరస చూశారా? సముద్రఖని, వెంకట్ ప్రభు, శక్తి సౌందర్ రాజన్. ఎక్కువమంది మొదటిసారి మెగాఫోన్ పట్టినవాళ్ళే. ఇది కాకతాళీయం అంటే నేను ఒప్పుకోను. 2011 సినిమా గురించి విడిగా రాయాలి, అది రెండు ముక్కల్లో తేలేది కాదు. రాత్రికి రాస్తాను, ఇప్పుడు ఆఫీసు పిలుస్తోంది.

పాతపాటల పిచ్చి | గుంటూరు

కొత్త దర్శకులకి అవకాశం ఇచ్చాడు, సంతోషం. డబ్బులు వచ్చాయా మరి? నిర్మాత గొప్పతనం పంపిణీదారుణ్ణి అడగాలి, అభిమానిని కాదు.

సరిగమ దుర్గాపురం | విజయవాడ

నేను ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో చదువుకున్నాను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ అని మాకు మొదటిరోజే చెప్పేవారు. అందుకే పాట సంగతి వరకు నేను మాట్లాడతాను.

చరణ్ సాధన చెయ్యలేదు అనడం తేలిక. ‘సీతారామం’ (2022)లో ‘ఇంతందం’ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పల్లవి మొదటి మాటకే “అరే, బాలు గారు!” అనిపిస్తుంది. మా ఇంట్లో మా అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా బయటికి వచ్చి “ఇది ఎప్పటి పాటే?” అంది. కానీ చరణం దాకా వింటే తేడా తెలుస్తుంది. బాలు గారు అయితే మాటని నవ్విస్తారు. ఓ చిన్న విరుపు, ఓ గిలిగింత, మాట చివర్లో ఊపిరి వదలడం, ఇవన్నీ వేస్తారు. చరణ్ ఆ అలంకారాలు చాలా వరకు వదిలేశాడు. గొంతు నిండుగా, నెమ్మదిగా, కాస్త కిందనే ఉంచి పాడాడు. నాన్న చేసినవన్నీ చెయ్యగలిగి కూడా కొన్ని చెయ్యకుండా ఉండాలని నిర్ణయించుకున్న మనిషి పాట అది. ‘ఓ సీతా హే రామా’లో రమ్య బెహరాతో పాడినప్పుడు కూడా అంతే.

ఈ నిగ్రహం సాధన లేకుండా వస్తుందా? 2000లో రెహమాన్ దగ్గర ‘అలైపాయుదే’లో ‘కాదల్ సడుగుడు’ పాడిన గొంతు, ఈ గొంతు పక్కపక్కన పెట్టి వినండి. అప్పుడు కుర్రాడి హుషారు. ఇప్పుడు నింపాది. మధ్యలో ఇరవై ఏళ్ళు ఊరికే పోలేదు.

పాతపాటల పిచ్చి | గుంటూరు

అమ్మా, పాట బావుందని నేనూ అంటాను. నా బాధే అది! అంత బాగా పాడగలిగినవాడు ఇన్నేళ్ళు ఎన్ని పాటలు పాడాడు? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు అనను గానీ, పాడాల్సినన్ని పాడలేదు.

ఇక ‘పాడుతా తీయగా’ సంగతి. 1996 నుంచి చూస్తున్నాను. బాలు గారు ఉన్నప్పుడు పిల్ల పాడటం అయ్యాక అసలు కార్యక్రమం మొదలయ్యేది. పాట రాసిందెవరు, ఆ రోజు రికార్డింగులో ఏం జరిగింది, ‘ళ’ పలకాల్సిన చోట ‘ల’ ఎందుకు పలికావమ్మా, ఇలా సాగేది. ఇప్పుడు ఆ ధార లేదు.

సరిగమ దుర్గాపురం | విజయవాడ

ఆ ధార ఇంకెవరి దగ్గరా ఉండదు పాతపాటల పిచ్చి గారూ. వేల పాటలు పాడిన మనిషి జ్ఞాపకాలు అవి. కొడుకు వాటిని అప్పు తెచ్చుకుని చెప్తే బావుంటుందా? చరణ్ ఆ పని న్యాయనిర్ణేతలకు వదిలేశాడు. చంద్రబోస్ గారు సాహిత్యం చూసుకుంటారు, విజయ్ ప్రకాష్ గారు ఉన్న సీజన్లలో ఆయన సంగతుల దగ్గర పట్టుకునేవారు, సునీత గారు మీ గుంటూరు ఆడపడుచే. తను మాత్రం పాడటానికి వచ్చిన పిల్లకి టెన్షన్ లేకుండా చూసుకుంటాడు. నాకు అందులో లోటేమీ కనబడలేదు.

బ్రాడీపేట 4/14 | గుంటూరు

గుంటూరు పేరు వచ్చింది కాబట్టి నేను దిగుతున్నా. అసలు బాలు గారిని సినిమాకి పరిచయం చేసింది ఎవరు? ఎస్పీ కోదండపాణి. పుట్టింది మా గుంటూరులో. 1967లో వచ్చిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’లో పాడించారు. బాలు గారు ఆ కృతజ్ఞతతో తన రికార్డింగ్ స్టూడియోకి, తన నిర్మాణ సంస్థకి ఆయన పేరే పెట్టుకున్నారు. ‘శుభసంకల్పం’ (1995) ఆ బ్యానరు మీదే వచ్చింది.

ఇప్పుడు అసలు పాయింటు. బాలు గారు మాత్రం ఒక్క పాటనే పట్టుకున్నారా? సినిమాలకు సంగీతం చేశారు. ‘ప్రేమ’, ‘ప్రేమికుడు’ నుంచి ‘మిథునం’ దాకా నటించారు. నిర్మించారు. తెలుగులో కమల్‌హాసన్‌కి గొంతు ఆయనే. ‘దశావతారం’లో పది పాత్రల్లో ఏడింటికి ఆయన డబ్బింగే. ‘అన్నమయ్య’లో సుమన్ వెంకటేశ్వరస్వామిగా మాట్లాడుతుంటే అది బాలు గారి గొంతని ఎంతమంది గుర్తుపట్టారు? మరి ఆయన్ని ఎవరూ “నిలకడ లేదు” అనలేదే. పాట మధ్యలో ఉంది కాబట్టి మిగతావన్నీ అదనపు ప్రతిభ అయ్యాయి. చరణ్ దగ్గర పాట ఒక పక్కన ఉంది కాబట్టి మిగతావన్నీ తడబాటు అయిపోయాయి. లెక్క ఇదే కదా?

బాలు గారు మాత్రం? నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి కొడుకు. హరికథ వదిలేసి సినిమాకి వెళ్ళాడని అప్పట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు.

బెంజ్‌సర్కిల్ బాటసారి | విజయవాడ

ఈ చివరి ముక్క మా బాబాయికి చదివాను. కాఫీ తాగి లోపలికి వెళ్ళిపోయాడు. మంచి గుర్తే అనుకుంటున్నా.

కెమెరా కన్ను గారూ, రాత్రి దాటింది. 2011 సినిమా సంగతి?

కెమెరా కన్ను | ఊరు గుణదల, ఉండేది చెన్నై

ఇదిగో. ‘ఆరణ్య కాండం’. దర్శకుడు త్యాగరాజన్ కుమారరాజా, ఇదే మొదటి సినిమా. (తర్వాత 2019లో ‘సూపర్ డీలక్స్’ తీశారు. మధ్యలో ఎనిమిదేళ్ళు!) జాకీ ష్రాఫ్ ముసలి డాన్, సంపత్ రాజ్ అతని అనుచరుడు, మన ‘7జి బృందావన్ కాలనీ’ రవికృష్ణ ఇంకో ముఖ్య పాత్ర. ఒక్క రోజులో జరిగే కథ. ఉత్తర చెన్నై ఇరుకు ఇళ్ళు, మధ్యాహ్నపు ఎండ, దొంగ సరుకు, నమ్మకద్రోహం.

మనకి బాగా తగిలేది అందులో తండ్రీకొడుకుల కథ. చితికిపోయిన ఓ జమీందారు రకం మనిషి, చంకలో పందెం కోడి, వెంట ఓ పిల్లాడు. పందెం కోసం పట్నం వస్తారు. తండ్రి తాగి తూలుతుంటే పిల్లాడే అతన్ని సాకుతుంటాడు. సంక్రాంతికి మన భీమవరం వైపు బరుల దగ్గర ఇలాంటి జంటల్ని చూడనివాడు ఉండడు. ఆ తండ్రీ, ఆ పిల్లాడు... సినిమా మొత్తంలో నాకు మిగిలింది అదే.

ఇప్పుడు అసలు విశేషం వినండి. ఆ సినిమాలో పాటలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. యువన్ నేపథ్య సంగీతం మాత్రమే. బాలసుబ్రహ్మణ్యం గారబ్బాయి డబ్బు పెట్టి, ఇళయరాజా గారబ్బాయి సంగీతం చేసి, 2011లో, తమిళంలో, పాటల్లేని సినిమా! పాటలు పెట్టమని పంపిణీదారులు ఎలా పోరుతారో ఈ వ్యాపారం తెలిసినవాళ్ళకి తెలుసు. ఆడియో హక్కుల డబ్బు కూడా వదులుకున్నట్టే.

సెన్సారు దగ్గర 52 కట్లు అడిగారు. ఒప్పుకోకుండా ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. విడుదలకి ముందే 2010లో న్యూయార్క్‌లో దక్షిణాసియా చిత్రోత్సవంలో గ్రాండ్ జ్యూరీ అవార్డు వచ్చింది. జూన్ 2011లో విడుదలైతే జనం రాలేదు. తర్వాత 59వ జాతీయ అవార్డుల్లో రెండు వచ్చాయి: తొలి సినిమా దర్శకుడికి ఇచ్చే ఇందిరాగాంధీ అవార్డు, ఎడిటింగ్‌కి ఒకటి.

పాతపాటల పిచ్చి గారూ, డబ్బులు వచ్చాయా అని అడిగారు. ఈ సినిమాకి రాలేదు. కానీ పదేళ్ళ తర్వాత కూడా సినిమా స్కూళ్ళ పిల్లలు షాట్లు షాట్లుగా విడదీసి చూసుకుంటున్న సినిమా ఇది. ‘చెన్నై 600028’తో వచ్చినదాన్ని ఇలాంటివాటి మీద పెట్టడానికి గుండె ఉండాలి. నిర్మాత అంటే నాకు తెలిసి అదే.

పాతపాటల పిచ్చి | గుంటూరు

పాటల్లేని సినిమా. హరిహరీ.

మైక్‌టెస్టింగ్ | కృష్ణలంక

నవ్వాపుకోలేక చస్తున్నా :)

ఇక నేను కూడా కాస్త సీరియస్‌గా రాస్తా. మా నాన్న ఆర్కెస్ట్రా సింగర్. వినాయకచవితి పందిళ్ళు, పెళ్ళి రిసెప్షన్లు, దసరాకి వన్‌టౌన్‌లో ప్రోగ్రాములు. ఆయనకి బౌండు చేసిన ఓ పాటల పుస్తకం ఉంది. ప్రతి పాట పక్కన ఎర్ర సిరాతో శ్రుతి రాసి ఉంటుంది. కొన్నిటి దగ్గర కొట్టేసి అర మెట్టు తగ్గించి మళ్ళీ రాసి ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఎక్కడెక్కడ తగ్గిందో ఆ కొట్టివేతల్లో చూడొచ్చు. బాలు గారి పాటలు ఆయన పాడుతుంటే పందిట్లో ఈలలే ఈలలు.

నేను పాడగలను. బాగానే పాడతాను. కానీ పన్నెండేళ్ళప్పటి నుంచి స్టేజీ ఎక్కగానే “రామ్మా, మీ నాన్న పాట ఒకటి అందుకో” అనేవాళ్ళు. నా పాట అని ఎవరూ అడగలేదు. నెమ్మదిగా మిక్సర్ వెనక్కి వెళ్ళిపోయా. ఇప్పుడు సౌండ్ సిస్టమ్ నాదే, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కూడా ప్రోగ్రాములు చేస్తుంటా. నాన్న పాడేటప్పుడు ఆయన మైకుకి బేస్ కాస్త తగ్గిస్తా, మధ్య శబ్దం (మిడ్) ఓ చుక్క పెంచుతా, ఎకో ఆయన అడిగినదానికంటే తక్కువే ఇస్తా. ఎందుకంటే ఎకో ఎక్కువైతే ఆయన గమకాలు కలిసిపోతాయి. ఈ సంగతి ఆయనకి తెలీదు, “ఇవాళ గొంతు బాగా పలికిందిరా” అంటాడు.

నన్ను కూడా చుట్టాలు “సంగీతం వదిలేశాడు” అంటారు. వదిలెయ్యడం ఏంటండీ? చరణ్ విషయంలో కూడా నాకు కోపం వచ్చేది అక్కడే. పాటల రికార్డింగుల మధ్య పెరిగినవాడికి, సినిమాకి ఎక్కడ సంగీతం కావాలో, ఎక్కడ అక్కర్లేదో తెలుస్తుంది. పాటల్లేని సినిమాకి ధైర్యం చేసింది కూడా పాట తెలిసినవాడే కదా.

సరిగమ దుర్గాపురం | విజయవాడ

మైక్‌టెస్టింగ్ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను.

డబ్బింగ్ ముచ్చట్లు | హైదరాబాద్ (పుట్టిల్లు గవర్నర్‌పేట)

ఇందాక ఘంటసాల కాలేజీ పేరు వచ్చింది కాబట్టి ఒకరిని గుర్తు చెయ్యాలి. ఘంటసాల గారబ్బాయి రత్నకుమార్. ఘంటసాల గారు 1974లో పోయారు. ఆ గొంతుకి కొడుకుగా పుట్టి పాడటం మొదలుపెడితే దేశమంతా కొలబద్ద పట్టుకుని నిలబడేది. రత్నకుమార్ గారు మాటల వైపు వెళ్ళారు. డబ్బింగ్ కళాకారుడిగా వెయ్యికి పైగా సినిమాలకి గొంతు ఇచ్చారు. ఎనిమిది గంటలు ఆగకుండా డబ్బింగ్ చెప్పి రికార్డు కూడా చేశారు. డబ్బింగ్ సినిమాలకి మాటలు రాశారు. 2021 జూన్‌లో చెన్నైలో పోయారు.

డబ్బింగ్ మాటలు రాయడం అంటే బయటివాళ్ళకి తెలీదు. తెర మీద తమిళ నటుడి పెదవి ‘ప’ దగ్గర మూసుకుంటే తెలుగులో కూడా ఆ చోట ప, బ, మ ఏదో ఒకటి పడాలి. వాక్యం అదే పొడవులో అయిపోవాలి. అర్థం చెడకూడదు. పైగా బెజవాడలో చూసేవాడికి అది డబ్బింగ్ అనిపించకూడదు. తాళం తప్పకుండా మాట వెయ్యడమే. పాట కాకపోయినా తండ్రి విద్యకి దూరం పోయినట్టు నాకైతే అనిపించదు.

బ్రాడీపేట 4/14 | గుంటూరు

ఈ వరసలో మా జిల్లా నుంచి ఇంకో తండ్రీకొడుకులు. చక్రవర్తి గారిది తాడికొండ దగ్గర పొన్నెకల్లు. తొమ్మిది వందలకు పైగా సినిమాలకి సంగీతం. ఆయన కూడా డబ్బింగ్ చెప్పేవారు, తెర మీద కూడా కనబడ్డారు. ఆయన కొడుకు శ్రీ. ‘గాయం’ (1993), ‘సిందూరం’ (1997) సంగీతం ఆయనదే. ‘అర్ధ శతాబ్దపు అజ్ఞానాన్నే’ పాట బాణీ ఇప్పటికీ వింటుంటే రోమాలు లేస్తాయి. తండ్రి డప్పు, స్పీడు, మాస్. కొడుకు ఆచితూచి, తక్కువ సినిమాలు. పైగా ‘చక్రం’ (2005)లో ‘జగమంత కుటుంబం నాది’ పాడింది శ్రీనే. సంగీతం చక్రి, గొంతు మాత్రం సంగీత దర్శకుడి కొడుకైన సంగీత దర్శకుడిది! ఆ పాటకి అంత దిగులు, అంత తేలిక ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. 2015లో పోయారు, పెద్ద వయసేం కాదు. ఆయన గురించి ఓ చర్చ ఎవరైనా మొదలుపెట్టాలి.

కొత్త తరం కూడా | మంగళగిరి

కీరవాణి గారి ఇద్దరబ్బాయిలు? ‘మత్తు వదలరా’ (2019)లో చిన్నవాడు శ్రీసింహా హీరో, పెద్దవాడు కాలభైరవ సంగీతం. ‘నాటు నాటు’ రాహుల్ సిప్లిగంజ్‌తో కలిసి ఆస్కార్ వేదిక మీద పాడింది కూడా కాలభైరవే. వీళ్ళని “నిలకడ లేదు” అని ఎవరూ అనట్లేదు. కాలం మారినట్టుంది.

నిర్వాహకుడు

చర్చ బావుంది. కానీ వారసుల జాబితా మొదలైతే ఆగదు. దయచేసి చరణ్ గారి మీదే ఉండండి. శ్రీ గారి కోసం విడిగా తెరవండి.

పాతపాటల పిచ్చి | గుంటూరు

సరే, చరణ్ మీదే. 2024 మొదట్లో ఆయన ఓ నోటీసు పంపాడు, గుర్తుందా? ‘కీడా కోలా’ సినిమాలో ఏఐతో బాలు గారి గొంతు సృష్టించి వాడారని, కుటుంబం అనుమతి తీసుకోలేదని. నిజం చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో నేను ఆయన వైపే. ఆ గొంతు చనిపోయిన మనిషిది. దాన్ని యంత్రంతో పలికించడం నాకు గిట్టదు.

కెమెరా కన్ను | ఊరు గుణదల, ఉండేది చెన్నై

నాకు ఇందులో రెండు మనసులు. కావాలని అగౌరవపరిచారని నేను అనుకోను, అది ప్రేమతో చేసిన పనే అయ్యుండొచ్చు. కానీ అడగాలి కదా. రేపు ప్రతివాడూ ప్రేమతోనే చేస్తాడు. ఓ సబ్బు ప్రకటనలో కూడా బాలు గారు పాడతారు.

ఇంకో కోణం చూడండి. బాలు గారిలాంటి గొంతు కావాలంటే పిలవడానికి ఓ మనిషి ఉన్నాడు. ‘సీతారామం’ వాళ్ళు ఆయన్నే పిలిచారు. యంత్రం అవసరం ఏముంది?

సరిగమ దుర్గాపురం | విజయవాడ

అది మాత్రం కొంచెం ప్రమాదం. “నాన్నగారి గొంతు కావాలి, కాబట్టి మీరు రండి” అని పిలిస్తే మైక్‌టెస్టింగ్ గారికి పందిట్లో జరిగిందే చరణ్‌కి స్టూడియోలో జరిగినట్టు. ఆయన గొంతు కావాలని పిలవాలి.

మైక్‌టెస్టింగ్ | కృష్ణలంక

అదే అదే. కరెక్ట్‌గా పట్టుకున్నారు.

బెంజ్‌సర్కిల్ బాటసారి | విజయవాడ

బాలు గారి చెల్లెలు ఎస్పీ శైలజ గారి గురించి కూడా ఎవరో ఒకరు రాస్తారనుకున్నా. ఆవిడ కూడా పాట, నటన, డబ్బింగ్ మూడూ చేశారు. ‘సాగర సంగమం’లో నాట్యం చేసింది ఆవిడే కదా. అంటే ఆ ఇంట్లో ఇది కొత్తేం కాదు. మా బాబాయి ఈ మాటకి “శైలజ సంగతి వేరు” అన్నాడు. ఎందుకు వేరో చెప్పలేదు.

బ్రాడీపేట 4/14 | గుంటూరు

మీ బాబాయిని ఇక్కడ సభ్యుడిగా చేర్పించండి సార్.

పాతపాటల పిచ్చి | గుంటూరు

మీ అందరి పోరు పడలేక నిన్న రాత్రి ఆ ‘ఆరణ్య కాండం’ చూశాను. కింద అక్షరాలు చదువుకుంటూ. మా ఆవిడ పావుగంటకే లేచి వెళ్ళిపోయింది, బూతులు ఎక్కువట. పిల్లలతో చూసేది కాదని ముందే చెప్పాల్సింది ఎవరైనా.

నేను చివరిదాకా చూశాను. ఆ కోడి తండ్రి దగ్గర కాస్త మనసు కలుక్కుమంది. సంగీతం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియలేదు, బావుంది. అయినా ఆఖర్న పేర్లు పడేటప్పుడు ఓ పాట పెడితే వచ్చిన నష్టమేంటి? ఇంట్లో అంత గొంతు పెట్టుకుని!

కెమెరా కన్ను | ఊరు గుణదల, ఉండేది చెన్నై

గురువు గారూ, ఈ ఆదివారం ‘సరోజ’ పెట్టుకోండి. ఆవిడ గారు కూడా కూర్చుంటారు. అందులో పాటలున్నాయి.